పోలాల అమావాస్య కథ ఎవరు చదవాలి?

మా అమ్మ ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. శ్రావణమాసం మొదలైన దగ్గర్నుంచి కార్తీకం వెళ్ళేదాకా మా వీధిలో ఎవరింట్లో కథ చదవాల్సి వచ్చినా ఆవిడకే కబురు వచ్చేది. వరలక్ష్మీ వ్రతం శుక్రవారం, కొత్త పెళ్ళికూతుళ్ళ మంగళవారాలు, శ్రావణం చివర పోలాల అమావాస్య, ఆశ్వయుజంలో అట్లతద్ది, ఆ తర్వాత కార్తీకం నెల పొడుగునా రోజుకో అధ్యాయం చొప్పున ముప్ఫై అధ్యాయాల పురాణం. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని పీట మీద కూర్చునేది. చుట్టూ పదిహేను ఇరవై మంది ఆడవాళ్ళు గుప్పిట్లో అక్షతలు పట్టుకుని కూర్చునేవాళ్ళు. పిల్లలం ఆ కథకి శ్రోతలం కాదు. మా ధ్యాసంతా నానబెట్టిన శనగల మీద ఉండేది. వినేది పెద్దవాళ్ళే. ప్రతి ఏడూ అదే కథ, అదే రోజున, ముగింపు తెలిసే వినేవాళ్ళు.

2008 వేసవిలో నాన్న పోయారు. ఆ శ్రావణంలో కబురు రాలేదు. పోలాల అమావాస్య నాడు పొద్దున్న ఎదురింటి పిన్నిగారు గుమ్మం బయటే నిలబడి, "వదినా, నీ పుస్తకం ఒకసారి ఇస్తావా?" అంది. అమ్మ ఇచ్చింది. పుస్తకం వెళ్ళింది, అమ్మ ఇంట్లో ఉండిపోయింది. సాయంత్రానికి అట్ట మీద కొత్త పసుపు మరకతో పుస్తకం తిరిగొచ్చింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో అమ్మ పెన్సిల్‌తో చిన్న చిన్న గీతలు పెట్టుకున్న పుస్తకం అది. ఆ గీతలు ఎవరికైనా అర్థమయ్యాయో లేదో నేను అడగలేదు.

ఇది మా ఇంటి గొడవ మాత్రమే అయితే ఇక్కడ రాసేదాన్ని కాదు. నా పేచీ మనతో. సాహిత్యం చదివి, స్త్రీవాదం చదివి, పితృస్వామ్యం ఎక్కడెక్కడ దాక్కుంటుందో పట్టుకోవడం వృత్తిగా చేసుకున్న మనతో. తెలుగు దేశంలో ఎదిగిన ఆడవాళ్ళు ఎదిగిన ఆడవాళ్ళకి కథ పైకి చదివి వినిపించే ఏర్పాటు, పుస్తకం పట్టుకుని, నాగా లేకుండా, ఇంటింటా జరిగేది, నాకు తెలిసి ఇదొక్కటే. దాని గురించి మనం ఏం చేశాం?

నేను చేసింది ముందు చెప్తాను. ఎం.ఫిల్. రోజుల్లో ఒక సెమినార్‌కి వ్రతకథల మీద పేపర్ రాశాను. పోలాల అమావాస్య కథకి రెండు పేజీలు. 'మాతృత్వ భావజాలాన్ని పునరుత్పత్తి చేసే టెక్స్ట్' అన్నాను. స్త్రీ విలువని సంతానంతో కొలవడం, భయపెట్టి విధేయత రాబట్టడం, అన్నీ సరిగ్గానే రాశాను. వాటిలో ఒక్కటీ ఇప్పుడు వెనక్కి తీసుకోను. మెచ్చుకున్నారు కూడా. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు అమ్మ అడిగింది. "నా పుస్తకం మీదేదో రాశావుట, పైకి చదువు." చదవడం మొదలుపెట్టాను. మూడో వాక్యం దగ్గర నాకే ఊపిరి చాల్లేదు. నోటితో పలకడానికి రాసిన తెలుగు కాదది. అమ్మ ఓపిగ్గా చివరిదాకా విని, "అంతా బానే ఉంది గానీ, ఆ పిల్ల బిడ్డని ఎందుకు దాచిపెట్టిందో నువ్వు రాయలేదేం?" అంది.

కథ తెలియని వాళ్ళ కోసం చెప్తాను. (తెలంగాణ వాళ్ళు పొలాల అమావాస్య అంటే ఎడ్ల పండగ కదా అనుకుంటారు. అదే రోజు, వేరే సంగతి. కోస్తా జిల్లాల్లో ఆ రోజు కందమొక్కని పోలేరమ్మగా పెట్టి, తోరం కట్టి, గారెలూ బూరెలూ చేసి, పిల్లల కోసం తల్లులు పూజ చేస్తారు.) ఏడుగురు అన్నదమ్ముల భార్యలు. కడగొట్టు కోడలికి ప్రతి ఏడూ బిడ్డ పుడుతుంది. ప్రతి ఏడూ సరిగ్గా ఆ అమావాస్య నాడే బిడ్డ పోతుంది. మైల వల్ల మిగతా ఆరుగురి వ్రతం ఆగిపోతుంది. వాళ్ళు ఆమెని ఆడిపోసుకుంటారు. ఒక ఏడు ఆమె చచ్చిపోయిన బిడ్డని ఇంట్లో దాచిపెట్టి, ఏమీ జరగనట్టు వచ్చి అందరితోపాటు వ్రతంలో కూర్చుంటుంది. చీకటి పడ్డాక బిడ్డని ఎత్తుకుని ఊరి బయటికి వెళ్ళి ఏడుస్తుంది. అక్కడ పోలేరమ్మ కనిపిస్తుంది. పోయిన బిడ్డలందరూ లేచి వస్తారు.

నా పేపర్‌లో బిడ్డలు లేచి రావడం ఉంది. వ్రతమహిమ ఉంది. చచ్చిన బిడ్డని గదిలో పెట్టి, బొట్టు పెట్టుకుని, తోడికోడళ్ళ మధ్య కూర్చుని కథ విన్న ఆ మధ్యాహ్నం లేదు. అమ్మ దృష్టిలో కథంతా ఆ మధ్యాహ్నమే. "బిడ్డ పోయిన దుఃఖం కంటే వీళ్ళ నోళ్ళకి భయం ఎక్కువైంది దానికి. అదీ కథ," అంది. అమ్మ పెన్సిల్ గీత కూడా అక్కడే ఉంది. అక్కడ ఆగేది. ఆ గదిలో ఎవరికి పురిట్లోనే పోయింది, ఎవరికి పదకొండో నెలలో పోయింది అమ్మకి తెలుసు. అందుకే ఆ వాక్యం చదివేటప్పుడు పుస్తకంలోంచి తలెత్తేది కాదు. పోలేరమ్మ మశూచి అమ్మవారు. ఈ దేశంలో మశూచి ఆఖరి కేసులు 1975లో వచ్చాయి. అంతకు ముందు తరాల్లో, ముసురు పట్టిన శ్రావణంలో ఆ కథ వింటూ కూర్చున్న గదిలో బిడ్డని పోగొట్టుకోని ఆడది ఒక్కతైనా ఉండేదా? ఆ గదుల్లో ఏడవడానికి ఏడాదికొక రోజు ఉండేది. ఏడుపు కథ కోసమా తన కోసమా అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

ఇది అచ్చులో కనపడదు. వరలక్ష్మీ వ్రతకథలో చారుమతి సంగతి చూడండి. పొద్దున్నే లేచి, భర్తనీ అత్తమామల్నీ సేవించుకుని, మితంగా మాట్లాడే ఇల్లాలు. అచ్చులో అది ఆడవాళ్ళకి పెట్టిన సిలబస్. 'మితంగా' అన్న మాట దగ్గర అమ్మ కళ్ళజోడు మీంచి ఒక చూపు చూసేది. గది గదంతా గొల్లుమనేది. మంగళగౌరి కథప్పుడు కొత్త పెళ్ళికూతురు నెయ్యి రాసిన అట్లకాడ జ్యోతుల మీద పట్టుకుని కూర్చోవాలి. కథ అయ్యేసరికి దానికి కాటుక పట్టాలి. "ఇంకా పట్టలేదు వదినా, కాస్త నెమ్మదిగా చదువు," అని ఎవరో అనేవాళ్ళు. అమ్మ నిదానించేది, మధ్యలో పెళ్ళికూతురి అత్తారింటి కబుర్లు అడిగేది, మళ్ళీ అందుకునేది. ఈ నవ్వుల్నీ ఆగడాల్నీ 'ప్రతిఘటన' అని పిలవడానికి నేను సిద్ధంగా లేను. నవ్విన వాళ్ళంతా సాయంత్రం ఇళ్ళకి వెళ్ళి మితంగానే మాట్లాడి ఉంటారు. నేననేది ఇంతే. చదివే గొంతుని వదిలేసి అచ్చుని మాత్రం విమర్శిస్తే, విమర్శించింది సగం వస్తువుని.

మన పరిశోధనలో ఇంకో విచిత్రం ఉంది. స్త్రీల పాటలకి గౌరవం దక్కింది. 1991లో వచ్చిన 'మెనీ రామాయణాస్'లో వెల్చేరు నారాయణరావు గారు తెలుగు స్త్రీల రామాయణ పాటల మీద వ్యాసం రాశాక, లక్ష్మణుడి నవ్వు, ఊర్మిళ నిద్ర, శాంత మాటలు మన సెమినార్లన్నిటికీ నడిచి వచ్చాయి. మంచిదే. పాట మౌఖికం కాబట్టి జానపదం, జానపదం కాబట్టి సాహిత్యం. వ్రతకథ సంగతేమిటి? నాసిరకం కాగితం మీద, అచ్చుతప్పులతో, కుంకుమ కొట్లో దొరికే పల్చటి పుస్తకం. అచ్చయింది కాబట్టి జానపదం కాదు. నాసిరకం కాబట్టి సాహిత్యం కాదు. నా పిహెచ్.డి.లో దీనికొక అధ్యాయం అనుకున్నాను. "పూజా పుస్తకాలు సాహిత్యంలోకి ఎలా వస్తాయమ్మా?" అన్నారొక పెద్దాయన. నేను వాదించలేదు, అధ్యాయం తీసేశాను. డిగ్రీ వచ్చింది. ఆ పిరికితనం కూడా ఈ లెక్కలో వేయండి.

1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, టేపు పెట్టి, విని, వాళ్ళ మాట వాళ్ళ మాటగానే అచ్చేశారు. మన స్త్రీవాదానికి వినడం నేర్పిన పుస్తకం అది. అంత వినడం వచ్చిన వాళ్ళం, పక్కింట్లో చదువుతున్న కథ ఎందుకు వినలేకపోయాం? ఆ ఇంటి గడప మీద పసుపు ఉంది కాబట్టి. పసుపు కనపడగానే మన చెవులు మూసుకుపోయాయి.

పోనీ, మన సభల్లో ఏం చేస్తున్నాం? కథల వర్క్‌షాపుల్లో రచయితలు తమ కథ చదివి వినిపించే అలవాటు ఉంది. అది దిద్దించుకోవడానికి. మిగతా సభల్లో కథ చదవం, కథ మీద చదువుతాం. భండారు అచ్చమాంబ గారి 'ధనత్రయోదశి' 1902లో 'హిందూ సుందరి'లో వచ్చింది. తొలి తెలుగు కథ అదా, 1910 నాటి 'దిద్దుబాటా' అని ఎన్ని సభల్లో కొట్టుకున్నాం! దీపావళి ముందు రోజుల్లో, చేతిలో పైసా లేని ఇంట్లో జరిగే కథ. పండగ కథ. ఆశ్వయుజ బహుళ త్రయోదశి నాడు పదిమంది ఆడవాళ్ళని కూర్చోబెట్టి ఆ కథ పైకి చదివిన వాళ్ళు మనలో ఎంతమంది? నేను మొదటిసారి చదివింది మూడేళ్ళ క్రితం, మా ఫ్లాట్‌లో. ఆ పాత వాక్యం నోటికి తిరగడానికి రెండు పేజీలు పట్టింది. ఆ తర్వాత ఎవరూ కదల్లేదు. తొలి కథా కాదా అన్న ప్రశ్న ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

మనం వదిలేసిన చోటు ఖాళీగా ఉండదు. ఇప్పుడు మా ఊరి వీధిలో కథ ఫోన్ చదువుతుంది. యూట్యూబ్‌లో ఒక పురుష కంఠం, వెనక తంబురా. చాలా స్పష్టమైన ఉచ్చారణ. చచ్చిన బిడ్డని దాచిన వాక్యం దగ్గర ఆ గొంతు ఆగదు. అక్షతలు పట్టుకుని కూర్చున్న వాళ్ళలో ఎవరి బిడ్డ పోయిందో దానికి తెలీదు. 'మితంగా' దగ్గర ఎవరూ నవ్వరు, ఫోన్‌ని చూసి ఎవరు నవ్వుతారు? గుళ్ళలో సామూహిక వ్రతాలు సరేసరి. వేదిక మీద మైకు ముందు పురోహితుడు, కింద ఒకేలాంటి చీరల్లో వందలమంది వరసలుగా. సత్యనారాయణ వ్రతంలో కథ ఎప్పుడూ పంతులుగారిదే. ఆడవాళ్ళ చేతిలో ఉన్న కథలు కూడా ఇప్పుడు ఆయన చేతికి వెళ్తున్నాయి. ఆ వరసల్ని ఏ రాజకీయాలు లెక్కపెట్టుకుంటున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడ నా స్నేహితురాలు, నాకంటే ఎక్కువ చదివినదీ ఎక్కువ ఉద్యమం చేసినదీ, అడ్డుపడుతుంది. "మీ అమ్మ చదివిన గది ముత్తయిదువుల గది. విధవకి, పెళ్ళికాని దానికి, మాల మాదిగలకి చోటులేని గది. ఆ గది పోతుంటే నువ్వు ఏడుస్తున్నావు," అంటుంది. నిజం. మా వీధి అంటున్నానే గానీ, అది ఎవరి వీధో నేను ఇంతదాకా చెప్పలేదు. అగ్రకులాల వీధి. చాకలామె పెరట్లో నిలబడి వినేది, ఆమెకి వాయనం కింద పెట్టి ఇచ్చేవాళ్ళు. పోలేరమ్మ ఎవరి దేవత? ఊరి బయట, వేపచెట్టు కింద, రాతికి పసుపు రాసి కొలుచుకునే వాళ్ళ దేవత. ఆ దేవతని కందమొక్క చేసి నట్టింట్లోకి తెచ్చుకుని, ఆమెని కొలిచే మనుషుల్ని పెరట్లో నిలబెట్టారు. ఇందులో నా కుటుంబం ఉంది. శనగలు తిన్న నేనూ ఉన్నాను.

ఈ వాదనతో నాకు పేచీ లేదు, దాని ముగింపుతో ఉంది. గది అన్యాయమైనదైతే పోట్లాడాల్సింది గది తలుపుతో. కథ చదవడంతో కాదు. మా అమ్మని పీట మీంచి లేపింది కథ కాదు. పోలాల అమావాస్య పిల్లల కోసం చేసే వ్రతం. పిల్లలం మేమిద్దరం బతికే ఉన్నాం. కథలో భర్త ఊసు దాదాపు లేనే లేదు. బిడ్డ పోయిన తల్లీ, తోడికోడళ్ళూ, అమ్మవారూ, అంతే. పిల్లల కోసం కథ చదవడానికి భర్త బతికుండాలన్న షరతు ఏ పేజీలో ఉంది? ఆ పుస్తకం నేను ఇరవై సార్లు చదివాను, లేదు. ఆ షరతు గదిలో ఉంది, గుమ్మంలో నిలబడ్డ పిన్నిగారి మొహమాటంలో ఉంది, ముందుగా తానే తప్పుకున్న మా అమ్మలో కూడా ఉంది. కథలో తోడికోడళ్ళు మైల పేరుతో ఆ పిల్లని ఏం చేశారో, మా వీధి అమ్మని అదే చేసింది. చేతుల్లో అక్షతలతో అదే కథ వింటూ చేసింది. ఈ సంగతి ఆ గదిలో లేచి చెప్పాల్సిన వాళ్ళం మనం. మనం అప్పుడు సెమినార్‌లో ఉన్నాం.

కొందరు యువ మిత్రులు కొత్త వ్రతకథలు రాద్దాం అంటున్నారు. స్త్రీవాద చారుమతి, కులం లేని అట్లతద్ది లాంటివి. రాయండి, నాకు అభ్యంతరం లేదు. కాని ఒక సలహా. రాసేముందు పైకి చదవడం నేర్చుకుందాం. అట్లతద్ది కథలో ఉపవాసానికి సొమ్మసిల్లిన చెల్లెల్ని చూడలేక అన్నలు అద్దం చూపించి చంద్రుడొచ్చాడంటారు. ఆమె నమ్మి తింటుంది. ఫలితంగా ముసలి సంబంధాలు వస్తాయి. మోసం అన్నలది, శిక్ష చెల్లెలిది. ఈ కథకి కొత్త కథ ఎందుకు? పాతదే పైకి చదివి, అక్కడ ఆగి, చుట్టూ ఉన్నవాళ్ళ మొహాల్లోకి చూస్తే చాలు. ప్రేమ పేరుతో తమ ఇంట్లో ఎవరు ఏ అద్దం చూపించారో ఎవరో ఒకరు చెప్పడం మొదలుపెడతారు. ఇది నేను ఊహించి అనడం లేదు, మా ఫ్లాట్‌లో జరిగింది. ఆ సాయంత్రం విన్నవి ఇక్కడ రాసే హక్కు నాకు లేదు.

పోయిన శ్రావణంలో అమ్మ నా దగ్గరే ఉంది. అమావాస్య నాడు చదవమని అడిగాను. వద్దంది. పూజ లేదు, కందమొక్క లేదు, అమ్మా, నువ్వు ఊరికే చదువు, మేం వింటాం అన్నాను. "పూజ లేకుండా కథేమిటే?" అంది. రెండు రోజులు అదే గొడవ. నేను నాస్తికురాల్ని, ఆవిడ కాదు. ఈ వ్యాసంతో ఆ తేడా తీరదు. చివరికి కందమొక్క లేదు గానీ దీపం ఉండాలని ఒప్పందం. ఎనిమిది మందిమి వచ్చాం. అందులో పెళ్ళికాని వాళ్ళు ముగ్గురు, విడాకులైన వాళ్ళు ఇద్దరు, అడ్డుపడే నా స్నేహితురాలు కూడా. పైఅంతస్తు ఆవిడ గుమ్మం దాకా వచ్చి, పీట మీద ఎవరు కూర్చున్నారో చూసి, పాలు పొయ్యి మీద పెట్టి వచ్చానంటూ వెళ్ళిపోయింది. అమ్మ చూసింది. చూసి కళ్ళజోడు తుడుచుకుంది.

పదిహేనేళ్ళు దాటింది చదివి. మొదటి పేజీలో తడబడింది. పెన్సిల్ గీతలు మాసిపోయి కనపడక, ఆగాల్సిన చోట ఆగకుండా ముందుకి వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చింది. బిడ్డని దాచిన చోట మాత్రం తప్పలేదు. మా ఇంట్లో పనిచేసే ఆమె అంట్లు తోమడం ఆపి వంటింటి గుమ్మంలో నిలబడింది. ఒంగోలు వైపు నుంచి వచ్చిన మనిషి. ఆమె అక్కడ నిలబడి వింటోందని, లోపలికొచ్చి కూర్చోమని నేను పిలవలేదని కథ సగమయ్యాక గానీ నాకు తట్టలేదు. పిలిచాను. ఆమె కుర్చీలో కాదు, అమ్మ పీట పక్కన నేల మీద కూర్చుంది. నా స్నేహితురాలు కుర్చీ దిగి తనూ కింద కూర్చుంది. దాని మీద మాకిద్దరికీ తర్వాత వాదన జరిగింది.

అమ్మ చదవడం ముగించింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడామె అంది. "మా ఊళ్ళో ఇట్టా కాదమ్మా. బిడ్డల్ని లేపేది తర్వాత. అమ్మోరు ముందు ఆ తోడికోడళ్ళ ఇళ్ళకి పోద్ది."

"పోయి ఏం చేస్తుంది?" అంది అమ్మ, పుస్తకం మూయకుండానే.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఆరుగురిలో ఇద్దరి ఇళ్ళు అయ్యేసరికి ఆరు కొట్టింది. ఇంకో ఇంట్లో పని ఉందని, ఆలస్యమైతే వాళ్ళు ఊరుకోరని లేచింది. మిగతా నాలుగిళ్ళ కథ మేం ఇంకా వినలేదు. అమ్మ పుస్తకం చివర ఖాళీ పేజీలో ఆ రెండిళ్ళ సంగతీ రాసుకుంది, పెన్సిల్‌తో.